గూట్లో ఉండని ఫోను

“మళ్ళీ మీ పక్కలోనే ఉందత్తయ్యా,” అంది కోడలు, మంచం చుట్టూ బిగుతుగా దోపి ఉన్న దుప్పటిని లాగి, కార్డ్‌లెస్ ఫోను బయటికి తీస్తూ. మాట్లాడే బటను నొక్కి ఉంది. మధ్యాహ్నం నుంచీ లైను అలా ఎంగేజ్‌లోనే ఉండిపోయింది. బ్యాటరీ కొన ఊపిరితో ఉండుండి కీచుమంటోంది.

అత్తగారు కళ్ళు నులుముకుంది. “ఓహో, ఇక్కడుందా?” అని మాత్రం అంది.

“ఎవరితో మాట్లాడారు?”

“నాకెవరున్నారమ్మా మాట్లాడ్డానికి? ఎవరితోనూ లేదు.”

వాదించే ఓపిక కోడలికి లేదు. ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పొద్దున్నే వస్తుంది. రాగానే అలవాటు కొద్దీ అత్తగారి మణికట్టు పట్టుకుని నాడి చూస్తుంది. “ఇంటికొచ్చినా వార్డేనా?” అని మొగుడు వెక్కిరిస్తే నవ్వే ఓపిక కూడా ఉండదు. వంటా వార్పూ ముగించి మధ్యాహ్నం ఒళ్ళు వాలుస్తుంది. సాయంత్రం మండే కళ్ళతో లేచి, మళ్ళీ బస్సు పట్టుకుంటుంది.

ఈ ఫోను తెచ్చిందే అత్తగారి మోకాళ్ళ కోసం. పాతది హాల్లో మోగితే ఆవిడ గోడ పట్టుకుని అక్కడికి చేరేలోపు ఆగిపోయేది. కొత్తది తెచ్చినరోజున కోడలు పుస్తకం ముందేసుకుని అన్నీ తనే అమర్చింది. ఫోను నిలబెట్టే ఛార్జింగు గూడు టీవీకి దూరంగా, తడి తగలనిచోట, తీగ ఎవరి కాళ్ళకీ అడ్డం పడకుండా గోడవారగా. ఛార్జింగ్ పూర్తిగా ఎక్కేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బ్యాటరీ పోతే దానికి చెప్పిన రకమే వెయ్యాలనీ, చేతికందిన మామూలువి వేస్తే పేలతాయనీ, మధ్యాహ్నం పూట ఫోను తప్పకుండా హాల్లో దాని గూట్లోనే ఉండాలనీ ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పింది. ఇంటిల్లిపాదీ అంటే మొగుడూ, అత్తగారూ. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. ఊపితే ఏం లాభం? రోజూ మధ్యాహ్నం ఫోను గూడు వదిలి అత్తగారి పక్కలోకి చేరుతోంది.

ఈసారి సంగతి ముదిరింది. ఎవరో సెలవు పెట్టారని, తొందరగా రమ్మని చెప్పడానికి ఆసుపత్రి వాళ్ళు మధ్యాహ్నమంతా ఫోను చేశారట, లైను దొరకలేదట. ఇంకోసారి ఇలా అయితే డ్యూటీ లిస్టులోంచి పేరు కొట్టేస్తానని మేట్రన్ మొహం మీదే చెప్పింది.

బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే కొడుకు ఆ మాట విని తల పట్టుకున్నాడు. అమ్మకి మతిమరుపు మొదలైందని తేల్చేశాడు. ఏం తీసిందో, ఏం నొక్కిందో, ఎక్కడ పెట్టిందో తెలియడం లేదు, రేపు ఇలాగే గ్యాసు తిప్పి వదిలేస్తే ఎవరిది పూచీ అన్నాడు. అక్క ఇంటికి పంపేస్తే అక్కడ పగలంతా మనుషులుంటారన్నాడు. అక్క ఇంట్లో ఖాళీగా ఉన్నది మేడ మీది గది ఒక్కటే. ఆ మోకాళ్ళతో ఒకసారి పైకి ఎక్కితే మళ్ళీ దిగడమంటూ ఉండదని అందరికీ తెలుసు.

“పంపితే పోతాను. నీ పెళ్ళాన్ని మాత్రం ఉద్యోగం మానమనకు. ఆ పనంటే దానికి ప్రాణం,” అంది తల్లి.

సందర్భం లేని మాట. ఇదీ మతిమరుపే కాబోలు అనుకున్నాడు కొడుకు. కోడలికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను ముచ్చటపడి తెచ్చిన ఫోనే ఆవిడని ఇంట్లోంచి వెళ్ళగొడుతోంది. పంపేముందు ఒక్కరోజు కనిపెట్టి చూడమనీ, ఊరికే నింద వెయ్యొద్దనీ మొగుణ్ణి బతిమాలింది.

మర్నాడు కొడుకు సగం పూట సెలవు పెట్టి వచ్చి, హాల్లో మూలనున్న కుర్చీలో కూర్చున్నాడు. కన్నతల్లికి కాపలా కూర్చునే గతి పట్టిందే అని తన మీద తనకే విసుగేసింది. ఫోను గూట్లో బుద్ధిగా ఉంది. పచ్చదీపం వెలుగుతోంది. తల్లి గదిలోంచి సన్నగా గురక వినిపిస్తోంది. అది వింటుంటే అతనికీ కునుకు ముంచుకొచ్చింది.

తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. తల్లి గది తలుపు కాదు. తమ గదిది. భార్య జుట్టు విరబోసుకుని తిన్నగా వచ్చి, గూట్లోంచి ఫోను తీసింది.

“నిద్ర పట్టలేదా?” అన్నాడు.

జవాబు లేదు. నిన్నటి మాటలకి కోపం కాబోలనుకున్నాడు. ఆమె ఫోనుతో అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఎవరికి చేస్తుందో, అక్కడికెందుకో అర్థంకాక అతనూ వెనకే వెళ్ళాడు.

ఆమె ఫోనును రెండుసార్లు విదిలించి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. వంగి దాన్ని అత్తగారి చంకలో పెట్టి, చెయ్యి దగ్గరికి నొక్కింది. దుప్పటి అంచులు పరుపు కింద చుట్టూ బిగించి దోపింది. మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించింది.

“కదలకండి, థర్మామీటరు జారిపోతుంది,” అంది మెత్తగా.

“ఏమిటే ఇది?” అని కొడుకు గొంతు పెంచబోయాడు.

తల్లి ఉన్నచోటి నుంచి కదలకుండా కళ్ళతోనే వారించింది. “లేపకురా. రాత్రంతా నిలబడి వచ్చింది, నిద్రలో కూడా డ్యూటీయే పాపం. ఉన్నది నా ఒక్క మంచమేగా, చూసేసి వెళ్ళి పడుకుంటుంది.”