గురువారం చొక్కా

ఊళ్లో ఇంటింటికీ ఉన్నట్టే సన్యాసిరావు గదిలోనూ గోడకు మనసు పెట్టె ఉంది. పొద్దున్నే అది కుశలం అడుగుతుంది. జవాబుల్ని బట్టి మందు పెంచాలో తగ్గించాలో, పలకరించడానికి మనిషిని పంపాలో అక్కర్లేదో తేలుస్తుంది. సన్యాసిరావు దగ్గరికి పంపే మనిషి నర్సు గౌరీశ్వరి. గురువారాలు వచ్చి, టీ తాగి, కాసేపు కూర్చుని వెళ్తుంది.

సన్యాసిరావుది ఇస్త్రీ పని. బట్టలు ఎగిరే బుట్టల్లో వస్తాయి, వాటిలోనే వెళ్లిపోతాయి. మనిషి ముఖం కనపడదు. ఊరందరి చొక్కాలూ ఇస్త్రీ చేసే అతను తన చొక్కా ఇస్త్రీ చేసుకునేది గౌరీశ్వరి వచ్చే రోజు కోసమే.

ఆ బుధవారం పొద్దున పెట్టె అడిగింది. "రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టింది." రేపు ఆమె వస్తుందని నిజంగానే పట్టింది.

"అన్నం తిన్నారా?"

"తిన్నాను."

"ఈమధ్య ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడారా?"

రోజూ ఇదే ప్రశ్న. సన్యాసిరావుకి ఒళ్లు మండింది. "ఎందుకు మాటాడనేదు? రోజూ నీతోటే గదా!"

"సంతోషం. మాట్లాడారని రాసుకున్నాను. మీరు కోలుకున్నారు. ఇక నర్సు రారు. నేను కూడా నెలకోసారే అడుగుతాను."

"ఓరి నాయనో, నానేదో ఎటకారానికన్నాను! అది కొట్టెయ్!"

అప్పటికే పెట్టె దీపం ఆరిపోయింది.

గురువారం అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టీ పెట్టుకుని, ఆరిపోయిన పెట్టె ముందు కూర్చున్నాడు.

"రాత్రి నిద్ర పట్టనేదు," అని తనే మొదలుపెట్టాడు.