పెదనాన్న కుండ

“వేడినీళ్ళలో కలిపి తాగేసే రవ్వమందు ఉండగా, గంటసేపు వేర్లూ ఆకులూ ఉడకబెట్టుకోవడం నీకెందుకే పిల్లా?” అంది మూలికల కొట్టు పాన్ మామ్మ.

వాన్యూ ఆ కొట్టుకు ఒంటరిగా రావడం అదే మొదటిసారి. గోడ నిండా ఉన్న సొరుగుల్ని చూసేసరికి అప్పటికే తల తిరుగుతోంది.

“నాన్న దగ్గుతున్నాడు మామ్మా. రవ్వమందులో బలం ఉండదట.”

“తేనె ఉండలు పట్టుకెళ్ళు.”

“గొంతుకి అడ్డం పడతాయట.”

“పోనీ పొడి?”

“పొలమారుతుందట.”

“మీ నాన్నకి దగ్గుకన్నా వంకలే ఎక్కువున్నాయే,” అంటూ మామ్మ సొరుగులు లాగింది. మల్బరీ ఆకు, ఎండిన నారింజ తొక్క, అతిమధురం తూచి మూడు పొట్లాలు కట్టింది. “అరగంట నానబెట్టి సన్నసెగ మీద మరిగించు. ఇనప గిన్నె పెట్టావో, మందు పాడవుతుంది. మట్టి కుండే వాడాలి.”

“మా కుండ పోయిన నెల పగిలిపోయిందన్నాడు నాన్న. ఒక్క దగ్గుకి కొత్తది కొనొద్దని కూడా అన్నాడు.”

“అయితే ఎవరినన్నా అడుగు. వాడుకున్నాక నువ్వు తిరిగి ఇవ్వకు సుమా. మందు కుండ తీసుకెళ్ళి ఇచ్చామంటే రోగాన్ని తీసుకెళ్ళి ఇచ్చినట్టే. కావాల్సినప్పుడు వాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు.”

వాన్యూకి వెంటనే పెదనాన్న గుర్తొచ్చాడు. పక్కిల్లు పెదనాన్నది. ఆ ఇంట్లో మందు కుండ ఉంది. చదరంగంలో వేసిన గుర్రాన్ని వెనక్కి తీశావని నాన్న, తీయలేదని పెదనాన్న పోట్లాడుకుని ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ముందు ఎవరు గుమ్మం తొక్కితే వాళ్ళు ఓడినట్టని ఇద్దరి పట్టుదల. కానీ కుండ కోసం వస్తే అది ఓటమి ఎలా అవుతుంది? ఇంత తెలివి తనకెక్కడిదా అని వాన్యూకే ఆశ్చర్యం వేసింది. పొట్లాలు గుండెకు హత్తుకుని ఒకటే పరుగు తీసింది.

“పెదనాన్నా, మీ మందు కుండ ఒకసారి ఇస్తారా?”

“ఎవరికి?”

“నాన్నకి.”

పెదనాన్న ఆమె చేతిలోని పొట్లాల వంక చూశాడు. లోపలికెళ్ళి కుండ తెచ్చి, చొక్కా కొసతో దుమ్ము తుడిచి ఇచ్చాడు.

“మళ్ళీ పట్టుకురాకు.”

“నేనెందుకు తెస్తాను? మీరే రావాలి.”

“చూద్దాంలే.”

ఇంట్లో నాన్న కుండను చూడగానే మొహం ముడుచుకున్నాడు. “ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు? పరువు తీశావ్,” అన్నాడు. కషాయం మాత్రం అడుగుదాకా తాగాడు. వాన్యూకి తిట్లు చెవికెక్కితే కదా.

రెండు రోజులు ఎవరూ రాలేదు. వీధిలో చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా వాన్యూ గుమ్మంలోకి పరుగెత్తింది. మూడో రోజు పొద్దున పెదనాన్న వచ్చి గుమ్మం బయటే నిలబడి రెండుసార్లు దగ్గాడు. అది తెచ్చిపెట్టుకున్న దగ్గని వాన్యూకి కూడా తెలిసిపోయింది.

“నాకూ దగ్గు పట్టుకుంది. నా కుండ నాకిస్తే పోతాను.”

“కుండ ఇంకా కడగలేదు,” అన్నాడు నాన్న, ఎటో చూస్తూ. “లోపలికొచ్చి కూర్చో అన్నయ్యా. ఈలోగా ఒక ఆట వేద్దాం. వేసిన ఎత్తు వేసినట్టే ఉండాలి మరి.”

“నువ్వు గోల చెయ్యకుండా ఆడితే చాలు.” పెదనాన్న గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

వాన్యూకి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. టీ పెడదామని లేచింది.

“టీ తర్వాత. ముందు మంచం కింద నుంచి చదరంగం పెట్టె తే,” అని నాన్న తొందరపెట్టాడు.

వాన్యూ వంగి, ఆరేళ్ళ దుమ్ము పట్టిన పెట్టెను బయటికి లాగింది. దాని వెనకాల నాన్న పాత స్వెటర్‌లో భద్రంగా చుట్టి, పోయిన నెల పగిలిపోయిందన్న తమ మందు కుండ చెక్కు చెదరకుండా ఉంది.