అత్త పక్కనుంటే

“ఎప్పుడైనా కడుపు తీయించుకున్నావా అమ్మా?” డాక్టరమ్మ మళ్లీ అడిగింది. “ట్యూబులు రెండూ మూసుకుపోయాయి. నిజం చెబితేనే నేనేమైనా చేయగలను.”

పక్కనే అత్త. పొద్దున బస్సులో, “గొడ్డుతనం మా ఇంటా వంటా లేదు” అని అందరూ వినేలా అన్న మనిషి.

పెళ్లికి ముందు, టైలరు కొట్టు వెనకగదిలో, ఎవరో ఒకావిడ కోడలి కడుపు పుల్లతో తీసింది. తర్వాత వారమంతా జ్వరం.

“లేదండీ” అంది కోడలు.

బయటికి రాగానే కోడలు అత్త చేతులు పట్టుకుంది. “ఇంకో డాక్టరు దగ్గరికి వెళదాం అత్తయ్యా. ఏ మందైనా మింగుతాను. ఆయనకి రెండో పెళ్లి మాత్రం చేయకండి, మీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఏడుపు ఆపు. లోపలికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పు.”

కోడలు పట్టుకున్న చేతులు వదిలేసింది. “ఏం జరిగిందని?”

“కొంగు నలుపుతూ లేదన్నావే, అప్పుడే తెలిసింది. మా అత్త పక్కనుంటే నేనూ అలాగే నలిపాను, అలాగే లేదన్నాను. ఏ వైద్యమూ పట్టలేదు.”

“మరి ఆయన...”

“వాణ్ణి నేను కనలేదే, తెచ్చి పెంచుకున్నాను. వాడికీ తెలీదు.” అత్త బెంచీ మీద కూలబడింది. “వెళ్లు. ఈసారి నేను లోపలికి రాను.”