దగ్గు ఆగాక

అర్ధరాత్రి దాటాక స్కానింగ్ గదిలో మిగిలింది ఇద్దరే: స్కాన్ తీసే ఆవిడ, పొట్టలో నొప్పని వచ్చి బల్లమీద వెల్లకిలా పడుకున్న పెద్దాయన. ఆయనకు నిరుడు హెర్నియా ఆపరేషన్ చేసి, పొట్ట గోడకు లోపల వల కుట్టారు. ఆ వల ఇప్పుడు తెరమీద సన్నటి తెల్లగీతలా కనిపిస్తోంది.

“ఒకసారి దగ్గండి పెద్దాయనా,” అందామె.

దగ్గితే వల కొంచెం ఉబ్బి, మళ్ళీ సర్దుకోవాలి. ఆయన దగ్గాడు. గీత ఉబ్బింది, సర్దుకుంది. కుట్టినవాళ్ళ పనికి వంక పెట్టడానికి లేదు. ఆమె రిపోర్టు రాయబోతుండగా గీత మళ్ళీ ఉబ్బింది. ఈసారి ఒక్కచోటే, లోపలినుంచి ఎవరో వేలితో పొడిచినట్టు.

“దగ్గారా?”

“లేదమ్మా.”

గదిలో మిషను రొద తప్ప చప్పుడు లేదు. ఆమె ఆయన పొట్టమీద ఆనించిన స్కాన్ ప్రోబును పక్కకు జరిపింది. తెరమీద ఆ ఉబ్బిన బుడిపె కూడా జరిగింది, చీకట్లో గడియ కోసం తలుపు తడుముకునేవాడి చెయ్యిలా, వల అంచుదాకా.

“నేను దగ్గితే కాసేపు ఊరుకుంటుంది,” అన్నాడు పెద్దాయన మెల్లగా. “అందుకే ఏడాదిగా కంటిమీద కునుకు లేదు. నువ్వు చూస్తూ ఉంటావుగా తల్లీ, కాస్త కన్ను మూస్తాను.”

ఆమె మళ్ళీ దగ్గమనేలోపే ఆయన గురక మొదలైంది.