ఉన్ని లేని ఇల్లు

నేను ముసలితనంలో పలక పట్టినదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మెల్లగా రాస్తాను, ఒత్తులు తప్పుతాయి. మన్నించి, దిద్దుకొని చదవండి.

"ఆడ్నే ఆగు. గడప దాటకు," అంది బీరమ్మ.

మల్లయ్య ఆగాడు. భుజం మీద నల్ల గొంగడి అలాగే ఉంది.

"లింగస్వామికి ఇచ్చిరమ్మన్న గదా?"

"ఇద్దామనే పోయిన. చేతులు రాలే. మా నాయిన కప్పుకున్నది."

"మీ నాయిన పోయి ఎన్నేండ్లాయె. బతికున్న పిల్లను సూడు."

ఆ మాట వినగానే మల్లయ్య గొంగడి తీసి అరుగు మీద పెట్టాడు. "గొర్లు పోయినయి. కుక్క పోయింది. కోళ్లు పోయినయి. ఇగ నేనొక్కన్నే మిగిలిన. ఉన్ని కంకణం కట్టుకొని చేసుకున్నవు నన్ను. నన్ను గూడ బయటేస్తవా ఏంది?"

"తానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుంటే ఉండనిస్త."

మల్లయ్య నవ్వబోయాడు. నవ్వు దగ్గుగా మారింది.

కేతేపల్లి పక్కన వాళ్లది గొర్రెలు కాసే కురుమ ఇల్లు. పెళ్లినాడు చేతికి కట్టే కంకణం దగ్గర్నుంచి పుట్టిన బిడ్డను పడుకోబెట్టే గొంగడి దాకా అన్నీ ఉన్నివే. కొడుకూ కోడలూ నార్కట్‌పల్లిలో రోడ్డు మీది హోటల్లో పనిచేస్తూ, పిల్ల అక్షితను వీళ్ల దగ్గరే ఉంచారు. చలికాలంలో పిల్లకు దగ్గూ జ్వరమూ పట్టుకుంటే ముసలివాళ్లిద్దరూ నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. తాత దగ్గు పిల్లకు అంటిందేమోనని మల్లయ్య వీపు మీదా పెట్టాడు. ఇద్దరికీ ఛాతీ ఫోటోలు తీయించాడు. తరువాత పిల్లను బయట ఆడించమని మల్లయ్యను పంపి, బీరమ్మను కూర్చోబెట్టాడు.

"ఆలస్యం చేసినరమ్మా," అన్నాడు. "ఇది బాగయ్యేది కాదు. ఉన్ని, పెంట దుమ్ము, పొగ దగ్గరికి రాకుండ చూసుకుంటే, ఉన్న ఊపిరి జర ఎక్కువ దినాలు నిలుస్తది. అంతే."

ఆమె బయటికి వచ్చేసరికి మల్లయ్య పిల్లను ఎత్తుకొని వేపచెట్టు కింద నిలబడ్డాడు.

"ఏమన్నడు?"

"ఉన్ని పడదంట. ఇంట్ల ఎక్కడా ఉండొద్దంట."

మల్లయ్య ముఖం పాలిపోయింది. పిల్లను గుండెకు హత్తుకున్నాడు. "అయ్యో నా తల్లీ. ఇన్ని దినాలు ఆ మంద నడుమనే పండుకోబెడితిమి గదా."

బీరమ్మ ఏదో అనబోయింది.

"ఇగో, బీరమ్మ. నా కోసమైతే ఒక్క గొర్రెను గూడ ఇడ్వకపోదును. చచ్చినా మందల్నే చద్దును. పిల్ల కోసం మందంతా ఇడుస్త. పోదాం పా."

బీరమ్మ డాక్టరు చీటీ కొంగున ముడేసుకొని అతని వెంట నడిచింది.

ఆ వారమే మందను ఊళ్లో మరో గొర్రెల కాపరి లింగస్వామి తోలుకుపోయాడు. బీరమ్మ అటక మీది పాత బొచ్చు దింపి కాల్చింది. గోనె సంచులు పారేసింది. చీపురు పడితే దుమ్ము లేస్తుందని తడిబట్టతో ఇల్లు తుడిచింది. బొంతలు వేడినీళ్లలో ఉడికించి ఎండలో ఆరేసింది. కట్టెల పొయ్యి పెరటి చివరకు పోయింది. సాంబ్రాణి మానేసింది.

"కురుమోల్ల ఇల్లు దవాఖాన లెక్క చేసినవు, పెద్దమ్మా," అన్నాడు లింగస్వామి గొంగడి తీసుకుపోను వచ్చినప్పుడు. "గొర్రె వాసన లేకపోతే మల్లన్న దేవుడు గూడ ఇల్లు గుర్తుపట్టడు."

"పట్టకపోతే పట్టకపాయె. నాకేం మేలు చేసిండని," అంది బీరమ్మ.

లింగస్వామి నవ్వలేదు. గొంగడి మడిచి చంకలో పెట్టుకొని పోయాడు.

మంద మాత్రం రోజూ పొద్దుగూకేటప్పుడు ఆ ఇంటి ముందు నుంచే పోయేది. దొడ్డి దగ్గరికి రాగానే ముందు గొర్రెలు ఆగి, అలవాటుగా వాకిలి వైపు తిరిగేవి. ఒకరోజు అలాగే గంటల చప్పుడు దగ్గరైంది. మంచం మీది మల్లయ్య మోచేతుల మీద లేచాడు.

"ఆ కుంటుతున్నది మన బొల్లి గొర్రెనే. అడుగు సప్పుడు ఇను. డెక్క పుండు ఎవడూ సూస్తలేడు."

"లింగస్వామి సూస్తడు గని, నువ్వు కూసో. కిటికీ మూస్తున్న. దుమ్మొస్తది."

"పిల్ల ఏది?"

"అంగన్‌వాడీ టీచర్ ఎస్తేరు ఇంట్ల ఆడుకుంటున్నది."

"మంద పోయేదాక ఇటు రానియ్యకు."

"సరే. ముందు నువ్వు గోలి ఏస్కో. నీ దగ్గు పిల్లకు అంటొద్దు."

మల్లయ్య గోలి మింగాడు. ఒక్క గుక్క నీళ్లకే రొప్పు వచ్చి గోడకు ఆనుకున్నాడు. "మంద మీద బెంగ, ఇంకేం లేదు," అన్నాడు తనకు తానే చెప్పుకున్నట్టు. "పిల్లకు బాగైతే సాలు. నేను ఈ నాలుగు గోడల నడుమనే ఉంట. బాగైతదంటవా?"

"అయితది," అంది బీరమ్మ. బయటికి వచ్చి తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టింది.

రోడ్డంతా ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ము నడుమ అక్షిత, వీపున సంచితో, మందతో పాటే ఉరుకుతూ వస్తోంది. ఒక గొర్రెపిల్లను ఎత్తుకొని, దాని మెడ బొచ్చులో ముఖం దాచుకొని కిలకిలా నవ్వుతోంది.

లింగస్వామి కంగారుగా కర్ర ఎత్తాడు. "జర పిల్లను లోపలికి పిలువు, పెద్దమ్మా. నేను వద్దన్నా ఇంటలేదు. ఉన్ని పడదంటిరి గదా?"

"ఆడుకోనియ్యి," అంది బీరమ్మ గొంతు తగ్గించి. "మందను మాత్రం దూరంగ తోలు. తలుపు దిక్కు దుమ్ము రావద్దు."

ఉన్ని పడనిది పిల్లకు కాదు, మల్లయ్యకు.

— చిట్యాల నర్సింగమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉండేది హుజూర్‌నగర్