ఎనిమిది గోళీలు

"నీ ఫొటోలో ముక్కలు తేలుతున్నాయి, నా గిన్నెలో మునుగుతున్నాయి. కస్టమర్లు మెనూ తెచ్చి మొహాన కొడుతున్నారమ్మా!" హోటలు యజమాని స్టూడియోలోకి వస్తూనే విరుచుకుపడ్డాడు.

ఆయన మెనూకి ఫొటోలు తీసింది ఈ ఫొటోగ్రాఫరే. ఆమెకి నెలనెలా పని ఇచ్చేది ఆయనొక్కడే. ఇక దాచి లాభం లేదనుకుంది. ఆయన హోటలు నుంచే వచ్చిన కూరగాయల సూపు ఫొటోకి సిద్ధంగా బల్లమీద ఉంది. అందులో గరిటె పెట్టి అడుగు నుంచి కలిపింది. గిన్నె గలగలమంది.

"గోళీలండీ, ఎనిమిది. ఇవి అడుగున వేస్తే ముక్కలు పైన నిలబడతాయి. మా పనిలో మామూలే."

యజమాని ఒక గోళీని తీసి వెలుతురుకి పట్టి చూశాడు. కోపం ఎటు పోయిందో, మొహం వెలిగిపోయింది.

"ఈ మాట ముందే చెప్పొద్దూ!" అంటూ వంటమాస్టరుకి ఫోన్ చేశాడు. "రేపట్నుంచి గిన్నెకి ఎనిమిది గోళీలు వెయ్యి. మందు గోళీలు కాదయ్యా, పిల్లలు ఆడుకునేవి!"

"అయ్యో, ఎవరి పళ్లయినా విరిగితే?" అంది ఫొటోగ్రాఫరు.

"నమలొద్దని బోర్డు పెడతాను."

"అంతకంటే నాలుగు ముక్కలు ఎక్కువ వేయిస్తే సరిపోతుంది కదండీ?"

యజమాని ఆమెను జాలిగా చూశాడు. "ముక్కలైతే తినేస్తారమ్మా. గోళీలు కడిగి మళ్లీ వాడుకోవచ్చు."

ఇన్నేళ్లూ జనాన్ని మోసం చేసి బతుకుతున్నానని ఆమె లోలోపల కుమిలిపోయేది. ఆయన చేతిలోంచి గోళీ లాక్కుంది. ఎంత మోసమైనా, తన గోళీలు ఇంతవరకూ ఎవరి పంటి కిందా పడలేదు.