వెంకటరమణమ్మ గిన్నె

“మావా, కూరెలాగుంది?”

“తింతన్నాను కదే” అన్నాడు తవిటయ్య, కంచంలోంచి తలెత్తకుండా.

గౌరీశ్వరికి ఒళ్ళు మండింది. మల్కాపురం బజారంతా తిరిగి తెచ్చిన రొయ్యలు. మామిడికాయ వేసి వండింది. మొగుడు మాట్లాడడే!

అదే మొన్న పక్కవాటా వెంకటరమణమ్మ వంకాయ కూర పంపితే, గిన్నె మీద కొట్టించిన పేరు చూసి మరీ “అబ్బ, ఏం సెయ్యే ఆవిడిది!” అన్నాడు. అంతకు ముందు పులుసుకీ అదే మాట. వెంకటరమణమ్మ నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది. ఆ సొట్ట తలుచుకుంటే గౌరీశ్వరికి నిద్ర పట్టడం లేదు. అసూయే. కాదని తనకి తాను కూడా చెప్పుకోలేదు.

నోటిమాటకేం, మర్యాదకి ఎన్నయినా అంటారు. నాలుక్కి తగిలిన రుచి మాత్రం దాగదు కదా! తేల్చేసుకుందామని మర్నాడు తనే వంకాయ కూర వండి, గుప్పెడు ఉప్పు పోసి, తిరిగివ్వని ఆ స్టీలు గిన్నెలోనే పెట్టింది. కాస్త నోట్లో వేసుకుంటే తనకే కళ్ళనీళ్ళొచ్చాయి.

గ్యాసు కంపెనీలో గొట్టాల వెంట తిరిగి, ముక్కుతో లీకులు పసిగట్టే పని తవిటయ్యది. డ్యూటీ దిగొచ్చి కంచం ముందు కూర్చుంటూనే గిన్నె మీద పేరు చూశాడు.

“ఎంకటరమణమ్మ పంపిందేటి?”

“ఊఁ.”

మూడు ముద్దలు తిన్నాడు. “ఏం సెయ్యే ఆవిడిది!”

గౌరీశ్వరి గిన్నె లాగేసుకుంది. “వండింది నాను! గుప్పెడుప్పు పోసినాను. ఆవిడ పేరుంటే ఉప్పు కూడా తియ్యగుంటాదా నీకు?”

తవిటయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “ఆవిడకి మర్యాదకన్నానే. నీకాడ అబద్ధమాడలేక నోరు మూసుకుంతన్నాను.”

“అంటే నా వంట బాగోదనా? నాను తగరపువలస మాయమ్మకాడికి ఎల్లిపోతన్నాను. ఆవిణ్ణే తెచ్చుకో!”

ట్రంకుపెట్టె లాగి చీరలు కుక్కడం మొదలెట్టింది. తవిటయ్య ఎంగిలి చేత్తోనే లేచి తలుపు గడియ పెట్టాడు. మొహం పాలిపోయి ఉంది.

“ఎవులికీ సెప్పనని ఒట్టెయ్యి గౌరీ. సూపర్వైజరు సెవినపడితే నా పని పోతాది.”

“నీ సరసాలతో ఆయనకేటి పని?”

తవిటయ్య ఆమె పక్కనే నేలమీద కూలబడ్డాడు.

“ఎండాకాలం జొరం కాణ్ణించీ నాకు ఉప్పూ తెల్దు, గేసూ తెల్దు.”